చల్లారిన ఇంజిన్ చెప్పే సంగతులు

మేం వెళ్లేసరికే బండిని కడిగి, ముందు జాలీకి పసుపు కుంకుమ పెట్టి, వేపచెట్టు కింద నిలబెట్టారు. 1989 మోడల్ మాస్సీ 1035 ట్రాక్టర్. కొత్తగా వేసిన ఎర్రరంగు వాసన ఇంకా పోలేదు. బాబాయి రంగు వంక చూడలేదు. తిన్నగా వెళ్లి ఇంజిన్ బ్లాకు మీద అరచెయ్యి ఆనించాడు.

“వెచ్చగా ఉందేమయ్యా?”

“పొద్దున్నే ఒకసారి తీశామండి. దారికి అడ్డంగా ఉంటే పక్కకు పెట్టాం.”

“సరే. రేపు తెల్లారకముందే వస్తాం. మేమొచ్చేదాకా తాళం తిప్పొద్దు.”

ధర కూడా అడగకుండా వెనక్కి తిరిగాం. జనవరి చలిలో అచ్చంపేట నుంచి మోటార్ సైకిల్ మీద అంత దూరం వచ్చింది ఆ ఒక్క నిమిషానికి. ఆ అరచేతి పరీక్షలో ఎంత భౌతికశాస్త్రం ఉందో ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేస్తే తెలిసింది.

డీజిల్ ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. గాలిని నొక్కితే పుట్టే వేడే దానికి నిప్పు. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం చురుక్కుమనడం అందరికీ తెలిసిందే. ట్రాక్టర్ సిలిండర్‌లో పిస్టన్ గాలిని దాదాపు పదహారో వంతుకు కుదిస్తుంది. గోడలకు పోయే వేడిని తీసేసి చూసినా, కెల్విన్ కొలతలో గాలి ఉష్ణోగ్రత రమారమి 2.6 రెట్లవుతుంది. ఆ వేడిగాలిలోకి డీజిల్ తుంపరలు పడగానే మండుతాయి.

ఇప్పుడు రెండు రోజులు తీసుకుందాం. మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు. రాష్ట్రంలో ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఉన్నది ఈ పల్నాడులోనే కాబట్టి 45 అంటే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. జనవరి తెల్లవారుజాము 18 డిగ్రీలు. కెల్విన్‌లో ఇవి 318, 291. రెండింటినీ 2.6తో గుణించి మళ్లీ సెల్సియస్‌లోకి మారిస్తే, వేసవిలో సిలిండర్ లోపల సుమారు 554 డిగ్రీలు, చలికాలంలో 484. బయట 27 డిగ్రీలున్న తేడా లోపలికి చేరేసరికి 70 అయింది. పైగా చల్లటి ఇనుము ఆ వేడిని గుంజుకుంటుంది, చల్లటి ఆయిల్ చిక్కబడి ఇంజిన్‌ను నెమ్మదిగా తిరగనిస్తుంది, నెమ్మదిగా తిరిగితే నొక్కిన గాలి రింగుల సందుల్లోంచి జారిపోవడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది. రింగులు బాగున్న ఇంజిన్ ఇవన్నీ తట్టుకుని అంటుకుంటుంది. అరిగిన ఇంజిన్‌కు ఆ 70 డిగ్రీలే ప్రాణం. అందుకే అరిగిన బండిని అమ్మేవాళ్లు కొనేవాళ్లు వచ్చేలోపు ఒకసారి స్టార్ట్ చేసి పెడతారు. వేసవి మధ్యాహ్నం బేరం చేసి ‘ఒక్క సెల్ఫుకే అందుకుంది’ అని సంబరపడే వాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ పరీక్ష చేసింది ఎండ.

మర్నాడు చీకటితోనే వెళ్లాం. బ్లాకు మంచులా ఉంది. బాబాయి సెల్ఫు కొట్టించాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి దగ్గి, తెల్లటి పొగ గుప్పున వదిలి అందుకుంది. తెల్లపొగ అంటే సిలిండర్‌లో వేడి చాలక మండకుండా ఆవిరైన డీజిల్. అర నిమిషంలో తగ్గిపోతే భయం లేదు. తగ్గకుండా వస్తూనే ఉంటే రేడియేటర్ నీళ్లు లోపలికి దిగుతున్నాయని అనుమానించాలి. నీలంగా వస్తే ఆయిల్ మండుతున్నట్టు. నల్లపొగకు అర్థం గాలి చాలని మంట. లోడు పడ్డప్పుడు కాస్త నల్లగా వచ్చి పోవడం పాత బండికి సహజమే, ఖాళీగా నడుస్తూ నల్లగా వస్తే నాజిళ్లో, పంపో.

బాబాయి పొగను ఎక్కువసేపు చూడలేదు. వంగి బ్రీదర్ గొట్టం దగ్గర చెయ్యి పెట్టాడు. సిలిండర్‌లో నొక్కిన గాలి రింగులను దాటి కింది ఆయిల్ చాంబర్‌లోకి జారితే ఆ గొట్టంలోంచే బయటికి రావాలి. పిల్లవాడు ఊదినట్టు మెల్లగా వస్తే సరే. బుసకొడుతూ, చేతికి ఆయిల్ తడి అంటిస్తూ వస్తే ఇంజిన్ కట్టించాల్సిందే. ఇక్కడ రెండింటికీ మధ్యగా వస్తోంది.

ఆ తర్వాత చేసిన పని నేను ఎక్కడా పుస్తకంలో చదవలేదు. ఇంజిన్ ఆపించి, ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజిన్‌లోకి వెళ్లే రబ్బరు గొట్టం క్లిప్పు విప్పాడు. ఎయిర్ క్లీనర్ వైపు కాదు, ఇంజిన్ వైపు. చిటికెనవేలు లోపలికి పెట్టి గోడ వెంట తిప్పి బయటికి తీశాడు. వేలి కొసన బూడిదరంగు మట్టి. గొట్టాన్ని వంచితే మడతలో వెంట్రుకవాసి పగులు కనిపించింది.

నాకు ఈ అధ్యాయం రాయాలనిపించింది ఆ వేలి కొస చూశాకే. రెండు లీటర్ల పైచిలుకు ఇంజిన్ నిమిషానికి 2000 సార్లు తిరుగుతుంటే, రెండు తిరుగుళ్లకు ఒకసారి చొప్పున గాలి నింపుకుంటుంది. లెక్కేస్తే గంటకు లక్ష లీటర్ల గాలి. డీజిల్ తాగేది మాత్రం నాలుగైదు లీటర్లే. మనం చూసుకునేది ఆ నాలుగైదు లీటర్లను. ఇంజిన్‌ను తినేది ఆ లక్ష లీటర్లలో కలిసిన దుమ్ము. అందులో సన్న ఇసుక ఉంటుంది, ఇసుకలోని సిలికా గాజును కూడా గీస్తుంది. ఆయిల్‌తో కలిస్తే అది సాన పెట్టే ముద్ద అవుతుంది. రింగులకూ లైనర్లకూ మధ్య పగలూ రాత్రీ నూరుతుంది. పాత బండ్లలో ఉండే ఆయిల్ గిన్నె క్లీనర్ చాలా మంచి ఏర్పాటు. గాలి ఆయిల్ మీదుగా మలుపు తిరిగేటప్పుడు బరువైన మట్టిరేణువులు మలుపు తిరగలేక ఆయిల్‌లో పడిపోతాయి. కానీ గిన్నె కడిగి ఆయిల్ మార్చినంత కాలమే అది పనిచేస్తుంది. దాని తర్వాతి గొట్టం పగిలితే, ఎంత మంచి క్లీనర్ ఉన్నా లేనట్టే. యాభై రూపాయల పగులు ఇంజిన్ మొత్తాన్ని అరగదీస్తుంది.

బండి వయసుకంటే అది గడిపిన బతుకు ముఖ్యం. మీటరు గంటలను నేను నమ్మను. పాత మీటర్లు కేబుల్ తెగితే ఆగిపోతాయి. ‘ఇది ఎక్కడ తిరిగింది?’ అని అడగాలి. మాగాణిలో కేజ్‌వీల్స్ వేసుకుని దమ్ము చేసిన బండి అయితే ఇరుసు సీళ్ల దగ్గర బురద, నీళ్లు చేరి ఉంటాయి. వెనక చక్రం లోపలి వైపు ఆయిల్ మరక కనిపిస్తే ఆ ఆయిల్ బ్రేకుల్లోకీ చేరిందనుకోవచ్చు. కృష్ణ ఒడ్డున ఇసుక తోలిన బండి అయితే అది వేరే బాధ. ఇంజిన్ బాగానే ఉండొచ్చు గానీ క్లచ్చు, గేర్లు, బ్రేకులు అలిసిపోయి ఉంటాయి. దాన్ని పట్టుకోవడానికి ట్రక్కు పిన్ను దిగే రంధ్రం చూడాలి. గుండ్రంగా చేసిన రంధ్రం వెనక్కి కోడిగుడ్డులా సాగి ఉందంటే, ఎన్ని వందల లోడ్లు దాన్ని గుంజాయో ఆ ఇనుమే చెబుతుంది. రంగు వేసినవాళ్లు ఆ రంధ్రాన్ని గుండ్రంగా చేయలేరు. మెట్టలో గొర్రు, గుంటక మాత్రమే లాగిన బండి దొరికితే అదృష్టం.

ఇక 1035 గురించి. ఆ ఎర్ర బండి వెనక మూడు లింకుల అమరికకు వందేళ్ల చరిత్ర ఉంది. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఐర్లాండ్‌లో హ్యారీ ఫెర్గూసన్ అనే మెకానిక్ ట్రాక్టర్లను గమనించాడు. అప్పట్లో నాగలిని ఎద్దులకు కట్టినట్టే ట్రాక్టర్ వెనక గొలుసుతో కట్టేవారు. నాగలి రాయికి తగిలి ఆగితే, చక్రాలు ఆగకుండా తిరుగుతూ ట్రాక్టర్ ముందు భాగాన్ని పైకి లేపి వెనక్కి తిప్పేసేవి. నాగలినీ ట్రాక్టర్‌నూ ఒకే యంత్రంగా కలిపేయాలన్నది ఆయన ఆలోచన. 1926లో పేటెంట్ వచ్చింది. 1946 నుంచి 1956 దాకా ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో తయారైన ఆయన చిన్న బూడిదరంగు టీఈ20 ట్రాక్టర్లు 5 లక్షలకు పైగా లోకమంతా వెళ్లాయి. 1953లో ఆయన కంపెనీ మాస్సీ-హ్యారిస్‌తో కలిసింది. 1960లో మద్రాసులో టాఫే ఏర్పడి మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్లను ఇక్కడే తయారు చేయడం మొదలుపెట్టింది. సింప్సన్ మూడు సిలిండర్ల ఇంజిన్‌తో వచ్చిన మన 1035 ఆ వంశంలోదే.

ఆ వంశగుణం పైన ఉండే టాప్ లింకులో ఉంది. గొర్రు గట్టినేలలోకి దిగి బరువెక్కితే, టాప్ లింకు ట్రాక్టర్ వైపు నొక్కుతుంది. ఆ నొక్కుడు లోపలి స్ప్రింగును కదిలిస్తుంది, స్ప్రింగు హైడ్రాలిక్ వాల్వును కదిలిస్తుంది, గొర్రు కొద్దిగా పైకి లేస్తుంది. అది లేచేటప్పుడు దాని బరువు, మట్టి బరువు వెనక చక్రాల మీద పడి పట్టు పెరుగుతుంది. ఇదంతా డ్రైవర్ చెయ్యి కదపకుండానే జరుగుతుంది. టన్నున్నర, టన్నుముప్పావు బరువున్న బండి తనకంటే బరువైన బండి చేసే పని చేయగలిగేది అందువల్లనే. బరువు తక్కువ కాబట్టి నేలను తొక్కి గట్టిపరిచేది కూడా తక్కువ, నల్లరేగడికి అది మేలు. దురదృష్టమేమిటంటే సీటు పక్కనున్న రెండు లివర్లలో ఈ ఏర్పాటుకు సంబంధించినదాన్ని చాలామంది డ్రైవర్లు అసలు ముట్టుకోరు. ముప్పై ఏళ్లు పట్టించుకోకపోతే ఆ స్ప్రింగు దగ్గర లొడలొడ వస్తుంది. టాప్ లింకు పట్టుకుని ముందుకూ వెనక్కూ గుంజితే చేతికి తెలిసిపోతుంది.

లిఫ్టును చూడాల్సింది మాత్రం బండి వేడెక్కాక. చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి సీళ్ల లీకులను దాచేస్తుంది. గంట సేపు పని చేయించి, గొర్రు పైకెత్తి, ఇంజిన్ ఆపి, టైరు మీద సుద్దముక్కతో గొర్రు ఎత్తు గీసి, పది నిమిషాల తర్వాత ఎంత దిగిందో చూడాలి. ఈ బండ్లలో గేర్‌బాక్సు ఆయిలే హైడ్రాలిక్‌కు కూడా వెళ్తుంది. అంటే గేర్లు అరిగి రాలిన ఇనుపరజను పంపును కూడా అరగదీస్తుంది. కింది డ్రెయిన్ బోల్టు విప్పి రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని అయస్కాంతం ముక్క దగ్గరకు తెస్తే రజను మీసాల్లా నిలబడుతుంది. సన్నటి పొడి ఉంటే వయసు. వేలికి గుచ్చుకునే ముక్క ఉంటే ఏదో పన్ను విరిగింది.

ఇన్ని లోపాలు వెతికి కూడా బాబాయి ఆ బండి కోసం ఎందుకు చూస్తున్నాడో చెప్పాలి. ఆయనది ఆరెకరాల నల్లరేగడి, అందులో నాలుగెకరాలు పత్తి, రెండెకరాలు మిరప. అరక అమ్మేసి పదేళ్లయింది. బాడుగ ట్రాక్టరే దిక్కు. నల్లరేగడిలో మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమట్టి ఎక్కువ. దాని పొరల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుని జానెడు నెర్రెలు విచ్చుతుంది. తడిగా ఉన్నప్పుడు దున్నితే గొర్రుకు అంటుకుని లేస్తుంది, చక్రం జారి నేల పేడలా అలుక్కుపోతుంది. ఆరాక దున్నితే బండరాళ్లలా పెళ్లలు లేస్తాయి. ఆ రెండింటికీ మధ్య పదును ఉండేది నాలుగైదు రోజులు. ఆ రోజుల్లో ఊరందరికీ ఒకేసారి ట్రాక్టర్ కావాలి. పెద్ద కమతాల వాళ్ల పొలాలు అయ్యేసరికి ఆరెకరాల వాడి పదును పోతుంది. పాత ట్రాక్టర్ బలమేమిటని నన్నడిగితే హార్స్‌పవర్ చెప్పను. పదును ఉన్న రోజు వాకిట్లో ఉండటమే దాని బలం. ఆ రోజు స్టార్ట్ కాకపోతే మాత్రం ఇనుప తూకానికి తప్ప ఎందుకూ పనికిరాదు. తెల్లవారుజామున చల్లటి ఇంజిన్‌ను పరీక్షించడంలో బాబాయి పట్టుదల అందుకే.

డబ్బు లెక్క కూడా చూద్దాం. మంచి స్థితిలో ఉన్న ఇంజిన్ ఒక కిలోవాట్ పని గంటసేపు చేయడానికి 250 గ్రాముల డీజిల్ తీసుకుంటుందనుకుంటే, డీజిల్‌లోని శక్తిలో మూడోవంతు మాత్రమే పనిగా మారుతుంది. అరిగిన ఇంజిన్ 300 గ్రాములు తీసుకుంటే, గొర్రు తోలేటప్పుడు సగటున 15 కిలోవాట్ల లోడు మీద గంటకు సుమారు 0.9 లీటర్లు ఎక్కువ పడుతుంది. ఏడాదికి 200 గంటలు తిప్పే సొంత సేద్యానికి 180 లీటర్లు, లీటరు వంద రూపాయల కింద వేసుకుంటే 18 వేలు. కొత్త బండికి 5 లక్షలు అప్పు తెస్తే, నూటికి పది చొప్పున మొదటి ఏడాది వడ్డీయే 50 వేలు. ఇక్కడ పాతదే నయం. అదే బండిని బాడుగకు ఏడాదికి 800 గంటలు తిప్పితే అదనపు డీజిల్ 72 వేలవుతుంది, దాని మీద రిపేర్లు, ఆగిపోయిన రోజుల నష్టం. బాడుగ వ్యాపారానికి పాత బండి కొనేవాళ్లకు నేను వద్దనే చెబుతాను.

పేరు వెనక ‘డీఐ’ అనే రెండక్షరాలు ఉన్నాయా లేదా అన్నది కూడా ఈ లెక్కలోదే. 1960లలో మహీంద్రా, ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కలిసి తెచ్చిన బీ-275 లాంటి పాత ఇంజిన్లలో డీజిల్‌ను ముందు ఒక చిన్న గదిలోకి చల్లేవారు. నడక మెత్తగా ఉంటుంది గానీ ఆ గది గోడలకు వేడి పోతుంది. అందుకే చలిలో స్టార్ట్ కావడానికి హీటర్ ప్లగ్గులు కావాలి, డీజిల్ కూడా ఎక్కువ కావాలి. నేరుగా పిస్టన్ తల మీద చల్లే పద్ధతే డీఐ. తర్వాతి 275 డీఐ ఆ మార్పుతోనే వచ్చింది.

‘కొత్తవన్నీ కంప్యూటర్ బండ్లు, పాతదైతే ఊళ్లో షెడ్డులోనే బాగుచేస్తారు’ అనే మాట తరచూ వింటాం. అందులో సగమే నిజం. 2023 జనవరి నుంచి కొత్త ఉద్గార నిబంధనలు వచ్చింది 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఎక్కువగా కనిపించేది వాటిలోనే. 35 హార్స్‌పవర్ తరగతిలో కొత్త బండికి కూడా మెకానికల్ పంపే. పాత బండికి అసలు అండ సామాన్లు దొరకడం. మాస్సీకి లైనర్, పిస్టన్, రింగుల సెట్టు ఏ పట్నంలోనైనా దొరుకుతుంది. తయారీ ఆగిపోయిన హెచ్‌ఎంటీ ఎంత గట్టి బండి అయినా, సామాన్ల సంగతి కనుక్కున్నాకే ముందుకు వెళ్లాలి.

బాగుచేయలేని లోపాలు కొన్ని ఉన్నాయి. నన్ను కలవరపెట్టేవి అవే. పాత బండ్లలో చాలావాటికి ఒకటే క్లచ్. పెడల్ తొక్కితే చక్రాలూ, వెనక పనిముట్లను తిప్పే పీటీఓ కూడా ఆగుతాయి. పత్తి కట్టె నలగ్గొట్టడానికి రోటవేటర్ వేస్తే, దుబ్బు అడ్డుపడినప్పుడు బండి ఆపి రోటవేటర్‌ను తిరగనివ్వడం కుదరదు. బండి తిరగబడితే డ్రైవర్‌ను కాపాడే చట్రం ఉండదు. చక్రం బురదలో కూరుకుపోయినప్పుడు గొలుసును ఇరుసుకో, టాప్ లింకు దగ్గరో కట్టి గుంజితే, ఫెర్గూసన్ వందేళ్ల కిందట చూసిన ప్రమాదమే మళ్లీ జరుగుతుంది. చక్రం కదలనప్పుడు బండి శరీరమే ఇరుసు చుట్టూ పైకి లేస్తుంది. డ్రైవర్‌కు క్లచ్ తొక్కే వ్యవధి సెకను కూడా ఉండదు. గొలుసు ఎప్పుడూ ఇరుసు కంటే కిందనున్న డ్రాబార్‌కే కట్టాలి.

బ్రేకుల లెక్క ఇంకా భయపెడుతుంది. ట్రక్కుకు సాధారణంగా బ్రేకులుండవు. మిరప టిక్కీలతో గుంటూరు యార్డుకు వెళ్లే ట్రక్కు, బండి కలిపి 6 టన్నులనుకుందాం. ఆపాల్సింది ట్రాక్టర్ వెనక చక్రాలు రెండే. వాటి మీద 2 టన్నుల బరువుంటే, ఎండిన తారురోడ్డు మీద 25 కిలోమీటర్ల వేగంలో బ్రేకులు కొత్తగా ఉన్నా ఆగడానికి 12 మీటర్లు, కాలు పెడల్ మీదకు వెళ్లేలోపు మరో 7. బ్రేకుల పట్టు సగానికి తగ్గితే ఆ 12 కాస్తా 24. కుడి, ఎడమ పెడళ్లను కలిపే గొళ్లెం వేయడం మరిచిపోతే బండి ఒక పక్కకు ఈడ్చుకుపోతుంది. ఆ ట్రక్కులో కోతకు వెళ్లే ఆడవాళ్లు ఇరవైమంది కూర్చుని ఉంటే? పొలంలో ఎంత బాగా పనిచేసే పాత బండి అయినా మనుషులను ఎక్కించడానికి కాదు. ఈ ఒక్క విషయంలో సర్దుబాటు లేదు.

కాగితాలు బాబాయి పావుగంటలో చూశాడు. పాత ఆర్‌సీలో గుంటూరు జిల్లా అనే ఉంటుంది, పల్నాడు జిల్లా అయింది 2022లో కదా. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరించారా? ఫైనాన్స్ తీరినట్టు ఆర్‌సీలో నమోదైందా? ఛాసిస్ నంబరు మీద కొత్త రంగు గోకించి, నంబరు ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిపోల్చుకున్నాడు.

అప్పుడు బేరానికి కూర్చున్నాడు. వేలి కొసకు అంటిన మట్టిని అమ్మేవాళ్లకు చూపించాడు. లైనర్లు, పిస్టన్లు, రింగుల ఖర్చు, మెకానిక్ కూలీ, బ్రేకు షూల ఖర్చు వేళ్ల మీద లెక్కపెట్టి, అడిగిన ధరలోంచి తీసేశాడు. వాళ్లు కాసేపు లోపలికి వెళ్లి మాట్లాడుకుని వచ్చి ఒప్పుకున్నారు.

బండి ఇంటికొచ్చిన రోజే గాలి గొట్టం మార్పించాడు. మర్నాడు బ్రేకులు. ఇంజిన్ కట్టించే పని మిరప కోతలు అయ్యాక పెట్టుకున్నాడు. జూన్ రెండో వారంలో పెద్ద వాన పడ్డ నాలుగో రోజు తెల్లవారుజామున ఫోన్ చేశాడు. “పదునెక్కింది అబ్బాయ్. గొర్రు తగిలిస్తున్నా,” అన్నాడు. ఫోన్‌లో వెనక ఇంజిన్ శబ్దం వినిపిస్తోంది.